వెనక్కి పిలిచిన బండ్లు

అమ్మేసిన ఎద్దును మళ్లీ తోలుకురమ్మని, దాని కుంటితనం మా కొట్టంలోనే పుట్టింది కాబట్టి మేమే బాగుచేసి పంపిస్తామని చెప్పే ఆసామి ఎక్కడైనా ఉంటాడా? ప్రొద్దుటూరు సంతలో అట్లాంటి ధర్మాత్ముణ్ణి ఎవరూ చూసిన పాపాన పోలేదు. అమ్మేదాకా ఎద్దు బంగారం. పలుపు చేతులు మారాక నీ ఖర్మ. అట్లాంటి ఊళ్లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు, మద్రాసు వైపు బస్సులు తయారుచేసే కంపెనీ ఒకటి తాను అమ్మిన బండ్లను తానే వెనక్కి రమ్మంది. లోపలి కరెంటు వైర్లలో లోపం ఉంది, తప్పు మాదే, ఊరికే మార్చి ఇస్తాం అంది. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఇందులో ఏదో మతలబు ఉండే ఉంటుందని బజారులో పెద్దమనుషులు తేల్చేశారు.

దూదేకుల వీధిలో దిల్షాద్‌బీ మాత్రం ఆ మాట వినగానే దబ్బనాన్ని కుడుతున్న పరుపులోనే వదిలేసి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆమెకు ఆ సంగతి చెప్పడానికి బస్సుల యజమాని ఇనాయతుల్లా సాహెబే స్వయంగా వచ్చాడు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు పోయే బస్సులు ఆయనవే. ఎప్పుడూ గడప దగ్గర నుంచే కేకలేసి పనులు చేయించుకునే మనిషి, ఆ రోజు చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు.

"నీ మొగునిది తప్పు కాదంటమ్మా" అన్నాడు, ఆమె మొహం చూడకుండా. "కంపెనీ మనిషి వచ్చి బండ్లన్నీ విప్పి చూపించినాడు. మీటర్ల పలక వెనక ఇనుప రేకుకు బొక్క ఉండాది, దాంట్లోనించి వైర్లు పోతాయి. ఆ బొక్క చుట్టూ రబ్బరు పెట్టాల్సింది, పెట్టలేదు. మన రోడ్లు నీకు తెలియనివా? బండి కుదిపి కుదిపి వైరు మింది గుడ్డ అరిగిపోయి, రాగి బయటపడి, రేకుకు తగిలి మంట పుడతాదంట. అనంతపురం పక్క ఇంకో రెండు బండ్లు ఇట్లనే కాలిపోయినాయంట."

"అయితే?" అంది దిల్షాద్‌బీ.

"అయితే ఏముంది తల్లీ. ఆ పొద్దు తొండూరు కాడ కాలిపోయిన బండి కూడా వాళ్లు చేసిందే. బీడీ తాగి బండి తగలబెట్టినావని నలుగుర్లో వాన్ని తిడితిని, పనిలోనించి తీసేస్తిని. ఇప్పుడు మల్ల బండి ఇస్తా, రమ్మని రెండుసార్లు చెప్పి పంపించినా. రాను అంటాండాడు. నువ్వు పిలిస్తే వస్తాడేమో చూడు."

ఆయన లేచి పోయాడు. పెద్దమనిషికి తప్పు ఒప్పుకోవడం కన్నా అరుగు దిగడమే సులువైంది.

వాడు అంటే ఖలందర్. దిల్షాద్‌బీ మొగుడు. నాలుగేళ్లుగా పులివెందులలో ఒంటరిగా ఉంటున్నాడు.

ఆమె పిలిస్తే వస్తాడా? పొమ్మన్నది ఆమే కదా!

ఈ కథ ముందునుంచీ చెప్పకపోతే మీరు ఆమెను తిట్టుకుంటారు. తిట్టుకుందురుగాని, ముందు వినండి. దిల్షాద్‌బీ తండ్రి లాల్ బాషా దూదేకి పరుపులు కుట్టేవాడు. ఆమె చిన్నప్పుడు ఎవరో పుణ్యాత్ముడు దూది కొట్టం పక్కన ఆరని బీడీ పారేసిపోయాడు. దూదికి నిప్పంటుకుంటే చెప్పాలా? ఒక ఏడాది కష్టం కళ్ల ముందే బుగ్గి అయింది. లాల్ బాషా కనుబొమలు మళ్లీ మొలవనే లేదు. అందుకే కట్టలు కట్టలు బీడీలు తాగే ఖలందర్‌తో నిఖా అయిన వారంలోపే, కొత్త పెళ్లికూతురు సిగ్గు పక్కనపెట్టి మొగుడి చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. "ఇంగ బీడీ ముట్టనని నా తల మీద ఒట్టు పెట్టు" అంది. ఖలందర్ పెట్టాడు.

తల మీద ఒట్టు అంటే మా వైపు ఆషామాషీ కాదు. ఒట్టు తప్పితే పెట్టినవాడికేం కాదు, ఎవరి తల మీద పెట్టాడో ఆ తల రాలిపోతుంది. హిందువులైనా సాయిబులైనా చర్చికి పోయేవాళ్లైనా ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట. చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వేవాళ్లను వాళ్ల బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒక అబద్ధం చెప్పమనండి, చూద్దాం.

ఖలందర్ బీడీ మానేసి లవంగాలు నమిలేవాడు. సాయంత్రం బండి షెడ్డులో పెట్టి ఇంటికి రాగానే, ఆ రోజు బస్సెక్కిన వాళ్లందరి గొంతులూ అనుకరించి చూపించేవాడు. కోడిని ఒళ్లో పెట్టుకుని దానికి టిక్కెట్టెందుకని కొట్లాడిన ముసలమ్మనూ, నిద్రలో పక్కవాడి భుజం మీద ఒరిగిపోయి తిట్లు తిన్న తాసీల్దారు ఆఫీసు గుమాస్తానూ ఇంట్లోకి దింపేసేవాడు. దిల్షాద్‌బీ పరుపు కుట్టడం పూర్తిచేస్తే చాలు, ముందు తనే దాని మీద పడి అటూ ఇటూ దొర్లేవాడు. "ఈడ గడ్డ ఉండాది. ఈడ దూది తక్కువైంది. ఆఁ, ఇది పెండ్లికూతురికి ఇయ్యొచ్చు" అని తీర్పు చెప్పేవాడు. తర్వాత దులిపి, చుట్టి, తనే భుజాన వేసుకుని కొన్నవాళ్ల ఇంట్లో దించి వచ్చేవాడు. పిల్లలు లేరన్న దిగులు కూడా ఆ ఇంట్లో ఎక్కువసేపు నిలిచేది కాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు తొండూరు దాటాక బస్సు ముందు భాగంలో పొగ లేచింది. ఖలందర్ బండి ఆపి జనాన్నంతా దించాడు. దిగలేక సీటు పట్టుకుని కూర్చున్న ఒక ముసలామెను లాక్కొచ్చేటప్పుడు అతని కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. ప్రాణనష్టం లేదు గాని బండి అస్థిపంజరమైపోయింది. బస్సులో నిప్పు పుట్టిందంటే డ్రైవరు బీడీ కాక ఇంకేముంటుందన్నారు. ఇనాయతుల్లా అన్నాడు, ఊరన్నది, చివరికి ఆ బండి కండక్టరు ప్రకాశం కూడా "అయ్యుండచ్చు" అన్నాడు.

దిల్షాద్‌బీ చేతికి మందు రాస్తూ ఒక్క మాటే అడిగింది. "తాగినావా?"

"ఆ మంట నాది కాదు" అన్నాడు ఖలందర్. అన్నాడు గాని తల దించుకున్నాడు. ఆ దించుకున్న తల ఆమె కంటపడింది.

మూడు రోజులకే ఆమెకు జ్వరం పట్టుకుంది. టైఫాయిడ్. జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో పడేశారు. పక్కింటి గులాబ్‌బీ తోడు వచ్చి, నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, "ఒట్టు ఊరికే పోతాదా తల్లీ, తగిలింది" అని ముక్కు చీదింది. గులాబ్‌బీ మంచిదే, నోరే మంచిది కాదు. అంత జ్వరంలో ఆ మాట దిల్షాద్‌బీ చెవిలో మేకులా దిగింది. తాగాడన్నది కాదు ఆమె బాధ. తను చచ్చినా ఫరవాలేదనుకున్నాడే, ఒక బీడీకి తన తల విలువ లేకపోయిందే అన్నది బాధ. ఖలందర్ కట్టు కట్టిన చేత్తో మంచం దగ్గరికి వచ్చినప్పుడు ఆమె గోడ వైపు తిరిగింది.

"పో. నేను సస్తే చూడాలనే గదా వచ్చినావు. నా కండ్లకు కనపడాకు" అంది.

అతను వచ్చిన దారినే పోయాడు. పోయినవాడు మళ్లీ ఆమె ఎదుటికి రాలేదు. ఆమెకు జ్వరం తగ్గి ఇంటికొచ్చేసరికి దండెం మీద అతని చొక్కాలు లేవు.

కోపం ఎన్నాళ్లుంటుంది? ఆరు నెలలు ఉంది. తర్వాత అది కరిగి ఆ చోట మనిషి మీద బెంగ పట్టుకుంది. పొద్దుగూకే వేళకు బస్సు షెడ్డు వైపు నుంచి ఎవరో నడిచి వస్తుంటే ఆ నడక అతనిదేమోనని చూసేది. కాదని తెలిశాక కూడా చూసేది. కుట్టిన పరుపులను ఎవరూ దొర్లి చూడకుండానే చుట్టి పంపించేది. ఒకసారి తనే దాని మీద పడుకుని చూద్దామనుకుంది. పడుకున్నది లేవలేక గంటసేపు ఏడ్చింది. ఆ పరుపు కొన్నవాళ్లు మర్నాడు వచ్చి ఒక మూల తడిగా ఉందేమని అడిగితే, కుండ ఒలికిందని చెప్పింది. రెండుసార్లు ధైర్యం చేసి పులివెందుల బస్సెక్కి, జమ్మలమడుగులోనే దిగి తిరిగొచ్చేసింది. ఒట్టు తప్పినవాడు తనంతట తను వచ్చి కాళ్లు పట్టుకోవాలి గాని నేను పోవడమేంటని పౌరుషం అడ్డుపడేది. వస్తే ఒక్క మాట అనకుండా లోపలికి తీసుకుంటానని గోడలతో చెప్పుకునేది. గోడలు పులివెందుల పోయి చెప్పవు కదా!

ఇప్పుడేమో తప్పినవాడు లేడు, తప్పే లేదు. ఉన్నదల్లా పొమ్మన్న తనే.

ఇనాయతుల్లా పోయిన మర్నాడు పొద్దున్నే దిల్షాద్‌బీ తలుపుకు గొళ్లెం వేసి బస్సెక్కింది. ఆ బండికి ప్రకాశమే కండక్టరు. జమ్మలమడుగు దాకా టిక్కెట్టు చించబోయాడు.

"పులివెందులకియ్యి" అంది.

ప్రకాశం ఆమెను ఎగాదిగా చూసి టిక్కెట్టు ఇచ్చాడు. జమ్మలమడుగులో సగం జనం దిగిపోయి, బండి పెన్న దాటాక వచ్చి ఎదుటి సీటులో కూర్చున్నాడు.

"వదినా, నేను కూడా ఆ పొద్దు అయ్యుండచ్చు అంటిని. ఆ మాట ఇప్పటికీ నన్ను పీకుతానే ఉండాది. పోయి చెప్పుకుంటే అన్న నవ్వినాడు. అదేముందిలే అన్నాడు."

"యాడుంటాండాడు?"

"శెనక్కాయల మిషనులో ఇంజను నడుపుతాండాడు. నేను పోయినప్పుడల్లా ఒకటే మాట అడుగుతాడు వదినా. 'దిల్షాద్ బాగుండాదా? జరం గిరం ఏమన్నా వచ్చిందా?' అని. ఏమీ ల్యా, రాయిమాదిరి ఉండాది అంటే అప్పుడు ఊపిరి పీలుస్తాడు. అడిగినట్టు నీకు చెప్పొద్దన్నాడు, అందుకే చెప్పలా."

దిల్షాద్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఇన్నేళ్లూ తన ఊసే లేదనుకున్న మనిషి తన ఒంటి వేడి కనుక్కుంటూ బతికాడన్నమాట. అంత ప్రేమ ఉన్నవాడు సాహెబు రెండుసార్లు పిలిచినా ఎందుకు రానన్నాడు? కోపమైతే బాగోగులు అడగడు. కోపం లేకపోతే ఇంటికొస్తాడు. ముద్దనూరు దాటినా, తొండూరు దాటినా ఆమెకు అంతుబట్టలేదు.

మిషను దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంజను ఆపి ఉంది. పొట్టు కుప్పల మధ్య నుంచి ఒక మనిషి బకెట్టుతో బయటికి వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డంలో తెలుపు వచ్చింది. మోచేతి దాకా చర్మం ముడతలుపడి నిగనిగలాడుతోంది. ఆమెను చూడగానే బకెట్టు కింద పెట్టాడు. ఒక అడుగు ముందుకు వేశాడు, అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ వెనకడుగు చూసి ఆమె గుండె చెరువైంది.

"సాహెబు చెప్పినాడు" అంది. "వైరు అరిగి మంట పుట్టిందంట. నువ్వు కాదంట. నేను నిన్ను అనరాని మాట అన్నా మామా. సావు బతుకుల్లో ఉండి అన్నా. నన్ను కొట్టు, తిట్టు. ఇంటికి మాత్రం రా."

"నేను రాను."

"నా మింద అంత కోపమా?"

"కోపం యాడిది పిచ్చిదానా." అతను అక్కడే పొట్టు కుప్పకు అవతల గొంతుక్కూర్చున్నాడు. "నీ మింద నాకు కోపం ఎప్పుడూ ల్యా. నువ్వే ఆడ కూర్చో. ఇట్లా రావాకు."

"ఎందుకు?"

ఖలందర్ పొట్టు పిడికిట్లోకి తీసుకుని వదిలేస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎవరికో చెబుతున్నట్టు నేలను చూస్తూ చెప్పాడు.

"మంట నాది కాదు. ఆ మాట అప్పుడూ చెప్పినా. కానీ దిల్షాదూ, బీడీ తాగినా. ఆ పొద్దు కాదు, దానికి ముందు వారం. తొండూరు కాడ వానలో చక్రం దిగబడిపోయింది. తడిసి వణుకుతా ఉంటే యెవరో పుణ్యాత్ముడు ముట్టించి చేతికిచ్చినాడు. ఒక్కటంటే ఒక్కటే తాగినా. వారం తిరగలా, బండి కాలిపోయింది. బండి కాలి మూడు దినాలకు నువ్వు పడిపోతివి. నేనే నిన్ను చంపుతాండానని నాకు తెలిసిపోయింది. ఆసుపత్రిలో నువ్వు పొమ్మంటివి, సరే, నేను దూరంగా పోతే ఆ ఒట్టు నిన్ను ఇడిసిపెడతాదేమో అనుకుంటిని. ఈడికి వచ్చిన నాలుగో దినం ప్రకాశం వచ్చి నీకు జరం దిగిందన్నాడు. ఇంగేం కావాల? నేను దూరంగా ఉంటేనే నువ్వు బతుకుతావు. అందుకే ఉండిపోయినా. కంపెనీవాళ్లు వైరు మారుస్తారు. ఒట్టును ఎవడు మారుస్తాడు?"

నాలుగేళ్లు! ఆమె అక్కడ అతను తన ప్రాణాన్ని లెక్కచెయ్యలేదని ఏడుస్తుంటే, అతను ఇక్కడ ఆ ప్రాణం కోసమే పొట్టులో పడి ఉన్నాడు. ఇద్దరినీ ఒకే బీడీ, ఒకే జ్వరం విడదీశాయి. ఆమెకు ముందు ఏడుపు వచ్చింది. దాని వెనకాలే పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే లేచి, చెప్పులు టపటపలాడించుకుంటూ రోడ్డు మీది అంగడికి పోయింది.

"బీడీలియ్యి. అగ్గిపెట్టె కూడా" అంది.

అంగడివాడు బిత్తరపోయి చూశాడు. "ఎవరికమ్మా?"

"నా మొగునికి. నీకెందుకు?"

తిరిగొచ్చి, "పొట్టు కాడ వద్దు, బయటికి రా" అంది. మిషను గోడ అవతల రోడ్డు పక్కన ఒక రాతి బండ ఉంది. ఆమె దాని మీద కూర్చుని బీడీలూ అగ్గిపెట్టే అతని ముందు నేల మీదికి విసిరింది.

"తాగు."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"నేను చూస్తాండగా తాగు. నీ ఒట్టు అంత మొనగాడైతే ఇప్పుడే నన్ను తీసుకోనీ. వచ్చే జరం ఇప్పుడే రానీ. నువ్వు యాడనో దూరంగా కూర్చుని నన్ను బతికిస్తాండావే, ఆ బతుకు నాకొద్దు. నాలుగేండ్లు బతికినా గదా ఆ బతుకు, చూసినా గదా దాని సంబడం. ముట్టించు!"

అంది గాని, ఒట్టు మీద నమ్మకం ఆమెకు మాత్రం పోయిందా ఏంటి? పుట్టినప్పటి నుంచీ విన్న మాట ఒక్క పూటలో ఎట్లా పోతుంది? రెండు చేతులూ ఒళ్లో గట్టిగా కలిపి పట్టుకుంది, భయం అతనికి కనపడకూడదని.

ఖలందర్ అగ్గిపుల్ల గీశాడు. ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. అదీ ఆరిపోయింది. "నా వల్ల కాదు దిల్షాదూ" అన్నాడు. కళ్ల నుంచి నీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి.

ఆమె కిందికి వంగి అగ్గిపెట్టె లాక్కుని తనే పుల్ల గీసి పట్టింది. చిన్నప్పుడు దూది కొట్టం కాలిన నాటి నుంచి నిప్పంటే ఆమడ దూరం పారిపోయే మనిషి ఆమె. పొయ్యి రాజేయడానికి కూడా పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకునేది గాని పుల్ల గీసేది కాదు. ఆ పుల్ల వేళ్ల దాకా కాలుతున్నా ఆమె వదల్లేదు. ఖలందర్ చూడలేక, ఆమె వేళ్లు కాలకుండా ఉండడానికే గబగబా వంగి బీడీ ముట్టించుకున్నాడు.

తాగాడు. ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చున్న మనిషిలా ఒక్కో దమ్ముకూ ఆమె మొహంలోకి చూస్తూ తాగాడు. దారిన పోయే ఇద్దరు కాపోళ్లు ఆగి, ఏడుస్తూ బీడీ తాగే మొగుణ్ణీ, అతన్ని గుడ్లురుముతూ చూసే పెళ్లాన్నీ చూసి, అర్థం కాక నవ్వుకుని వెళ్లిపోయారు. ఎండ గోడ మీదికి జరిగింది. బీడీ అతని వేళ్ల దాకా వచ్చి ఆరిపోయింది.

చివరి దమ్ము పొగ గాలికి ఇటు తిరిగి ఆమెకు దగ్గు తెర వచ్చింది. ఖలందర్ మొహం పాలిపోయింది.

"దగ్గుతాండావు!"

"పొగకు దగ్గుతాండా" అంది దిల్షాద్‌బీ, కళ్లు తుడుచుకుంటూ. "సావడానికి కాదు. ఆ ఒట్టు తీసి గట్టు మింద పెట్టి, వచ్చి ఈడ కూర్చో."

అతను ఇంకా కాసేపు ఆమెనే చూశాడు. చెయ్యి చాపి ఆమె నుదుటి మీద వేలి కొనలతో తాకి చూశాడు. చల్లగానే ఉంది. అప్పుడు, నాలుగేళ్ల తర్వాత, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.